పాత కారుకు కొత్త ఇంజను: కొనకముందు సరిచూడవలసిన లెక్కలు

ఈ బులెటిన్‌లో నేను ఇంతవరకు విద్యా రుణాలు, వడ్డీ లెక్కలు, బ్యాంకు ఫారాల గురించే రాస్తూ వచ్చాను. బి.కాం. చదివి ముప్పై ఏడేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాడికి ఇంజన్లతో పనేమిటని మీరు అనుకోవచ్చు. దానికి కారణం ఉంది.

ఈసారి స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకునే రోజున ఉద్దనపల్లి పక్క పల్లె నుంచి ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. అబ్బాయి హోసూరులో మెకానికల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫారం నింపడం అయిపోయింది, అయినా తండ్రి కుర్చీలోంచి లేవలేదు. "సార్, మా నాయన అంబాసిడర్ కారు కొట్టంలో ఉంది. వీడు దానికి వేరే ఇంజను వేస్తానంటున్నాడు. ఈ తడవ టమోటాలో నాలుగు డబ్బులు మిగిలాయి, అవి ఇమ్మని పట్టుబట్టాడు. ఇవ్వచ్చునా?" అని అడిగాడు.

అబ్బాయి వెంటనే అందుకున్నాడు. "బెంగుళూరులో ఇంజను చూసి వచ్చాను సార్. చౌక. మూడు రోజుల్లో అడ్వాన్సు ఇవ్వాలి."

"గేరు బాక్సు?"

"ఉన్నదే సరిపోతుందన్నారు."

"ఎవరు?"

"అమ్మేవాళ్ళు."

ఆ "ఉన్నదే సరిపోతుంది" అనే మాటను నేను 2001లో ఒకసారి నమ్మాను. అప్పట్లో పెట్రోలుకూ డీజిలుకూ ధరలో చాలా తేడా ఉండేది. పెట్రోలు కార్లకు డీజిలు ఇంజన్లు వేయించుకోవడం మన వైపు మామూలే. నేనూ నా పాత అంబాసిడర్‌కు వేరే కంపెనీ డీజిలు ఇంజను ఒకటి 22,000 రూపాయలకు కొన్నాను, గేరు బాక్సు లేకుండా. తరువాత లేత్ పని, మధ్యలో వేసే ప్లేటు, క్లచ్, షాఫ్టు కోసి అతికించడం, రెండుసార్లు రేడియేటర్, రెండుసార్లు గేరు బాక్సు బేరింగు. చీటీలన్నీ దాచాను కాబట్టి చెప్పగలుగుతున్నాను, మొత్తం 51,000 దాటింది. అది మా అమ్మాయి కాలేజీ ఫీజు కోసం ఆర్.డి. కట్టి కూడబెట్టిన డబ్బు. ఫీజుకు చివరకు నా పి.ఎఫ్. మీద అప్పు తీసుకున్నాను. కారు నాలుగేళ్ళలో ఇనుము ధరకు దగ్గరగా పోయింది. అది ఎందుకు అలా పోయిందో ఆర్.సి. గురించి రాసేచోట చెబుతాను.

అందుకని ఆ అబ్బాయికి వద్దనీ చెప్పలేదు, సరేననీ చెప్పలేదు. ఒక నోటుపుస్తకం కొనుక్కుని ఆదివారం రమ్మన్నాను. మేమిద్దరం కొట్టంలో కూర్చుని రాసుకున్న లెక్కలే ఈ పాఠం. డిప్లొమా, ఐ.టి.ఐ. పిల్లలకు ఇది సిలబస్‌లోని సంగతే. ప్లస్ టూ పిల్లలకు ఫిజిక్సు. తల్లిదండ్రులకు ఖర్చు లెక్క.

మొదట కంపెనీవాళ్ళు ఈ పని ఎలా చేశారో చూద్దాం. అంబాసిడర్ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు మన దేశపు రూపం. హిందుస్తాన్ మోటార్స్ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 1950ల చివరి నుంచి 2014 వరకు దానిని తయారు చేసింది. చాలా కాలం దానిలో 1489 సి.సి. బి.ఎం.సి. పెట్రోలు ఇంజను ఉండేది. 1990ల మొదట్లో అదే కారులో జపాను ఇసుజు డిజైను 1817 సి.సి. ఇంజను పెట్టారు. సి.సి. పెరిగింది 22 శాతమే అయినా శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లయింది. పైకి చూస్తే పాత బాడీలో కొత్త ఇంజను, అంతే. నిజానికి దానితోపాటు అయిదు గేర్ల బాక్సు వచ్చింది. స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్ పోయి నేల మీదికి వచ్చింది. అంటే ఫ్యాక్టరీ ఉన్నవాళ్ళే ఇంజనును ఒంటరిగా మార్చలేదు.

ప్రీమియర్ కంపెనీ మరో దారి పట్టింది. 1985లో నిస్సాన్ ఎ12 ఇంజనును తెచ్చినప్పుడు దానిని పద్మినిలో పెట్టలేదు. ఫియట్ 124 బాడీతో 118 ఎన్.ఇ. అని వేరే కారే దించింది.

అందువల్ల నేను చెప్పేది ఒక్కటే. ఇంజను కొనడం కాదు, సెట్టు కొనాలి. ఇంజను, దాని వెనుక గేరు బాక్సు, మధ్యలో క్లచ్, ఫ్లైవీల్, సెల్ఫ్ మోటారు, ఇవి ఒకే బండి నుంచి విడదీయకుండా దిగాలి. అదీ కంపెనీవాళ్ళే మీ బాడీలో ఒకసారి కూర్చోబెట్టిన సెట్టు అయితే సగం లెక్క ముందే కుదిరినట్టు. వేరే బండి సెట్టయితే మిగతా సగం మీరే కుదర్చాలి.

సెట్టు ఎందుకంటే, ఇంజనూ గేరు బాక్సూ కలిసే చోటు జానెడే గానీ అక్కడ కుదరవలసినవి చాలా ఉన్నాయి. బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రాలు ఒక్కటి కూడా తప్పకుండా కలవాలి. క్లచ్ ప్లేటు మధ్యలోని గాడులు గేరు బాక్సు ముందు షాఫ్టు మీది పళ్ళతో లెక్కలోనూ కొలతలోనూ సరిపోవాలి. ఆ షాఫ్టు కొన క్రాంకు వెనుక ఉండే చిన్న బుష్‌లో కూర్చోవాలి. పొడవు తక్కువైతే అందదు, ఎక్కువైతే గుద్దుకుంటుంది. ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగు పళ్ళు సెల్ఫ్ మోటారు పినియన్ పళ్ళతో కలవాలి. క్లచ్ కేబుల్‌తో నడిచేదా, ఆయిల్‌తో నడిచేదా అన్నది కూడా ముందే చూడాలి.

ఇవి కలవనప్పుడు లేత్‌లో మధ్య ప్లేటు ఒకటి చేయిస్తారు. చేయవచ్చు, తప్పు లేదు. కానీ క్రాంకు మధ్య గీతా, గేరు బాక్సు షాఫ్టు మధ్య గీతా ఒకే గీత కావాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా అక్కడ లెక్కకు వస్తుంది. దానిని కంటితో చూడలేము, డయల్ గేజ్ పెట్టి తిప్పి చూడాలి. నా కారుకు ప్లేటు చేసినచోట డయల్ గేజ్ లేదు. "బోల్టులు పట్టాయి కదా సార్" అన్నారు. బోల్టులు పట్టాయి నిజమే. నాలుగు నెలలకొకసారి బేరింగు మాత్రం పోయేది. పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలకు మీ వర్కుషాపులో డయల్ గేజ్ ఉంటుంది. దానిని వాడడం ఈ సంవత్సరమే నేర్చుకోండి.

తరువాత చోటు. ఇంజను బానెట్ కింద పడుతుందా అని అందరూ పైనుంచి చూస్తారు. చూడవలసింది కిందినుంచి. ఆయిల్ సంప్ లోతైన భాగం కొన్ని ఇంజన్లకు ముందు ఉంటుంది, కొన్నింటికి వెనుక. అది చట్రంలోని అడ్డ దూలానికో స్టీరింగుకో తగిలితే ఇంజనును పైకి లేపుతారు, అప్పుడు బానెట్ మూతపడదు. లేదా వెనక్కి జరుపుతారు, అప్పుడు డాష్ వెనుక రేకు కోయాలి. లేపినా జరిపినా ఇంకొక చిక్కు వస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు కొసలా ఉండే యూనివర్సల్ జాయింటు, వంపులో తిరిగేటప్పుడు సమానమైన వేగంతో తిరగదు. ఒక చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి తగ్గుతుంది. ముందు జాయింటు చేసిన ఈ తేడాను వెనుక జాయింటు సరిచేస్తుంది, రెండు చోట్లా వంపు సమానంగా ఉంటేనే. అంటే గేరు బాక్సు వెనుక ముఖమూ డిఫరెన్షియల్ ముందు ముఖమూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఇంజనును ఇష్టం వచ్చినట్టు వాలిస్తే, షాఫ్టును ఎంత బ్యాలెన్సు చేయించినా సీటు కింద అదురు పోదు.

బరువు కూడా రాసుకోండి. డీజిలు ఇంజను అదే సి.సి. పెట్రోలు ఇంజనుకంటే సాధారణంగా బరువు ఎక్కువ. అంబాసిడర్ ముందు చక్రాలను మోసేవి టార్షన్ బార్లు. వాటిని సర్ది బండి ఎత్తు సరిచేయవచ్చు గానీ బార్ బలం దానివల్ల పెరగదు. ఎత్తు సరిపోయింది కదా అని బరువు సరిపోయిందనుకోవద్దు.

ఇప్పుడు పిల్లలకు ఇష్టమైన లెక్క. అబ్బాయి కారు చక్రం మీద సుద్దతో గుర్తు పెట్టి, వాకిట్లో ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిచాము. 2.1 మీటర్లు వచ్చింది. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు. 2.1తో భాగిస్తే చక్రం నిమిషానికి 635 చుట్లు తిరగాలి. షాఫ్టు 4.5 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందనుకుందాం. అప్పుడు షాఫ్టు 2,857 చుట్లు తిరగాలి. నాలుగో గేరు నేరుగా ఒకటికి ఒకటి అయితే ఇంజనూ అంతే తిరుగుతుంది. 5,500 దాకా తిరగగల పెట్రోలు ఇంజనుకు ఇది సుఖం. గట్టిగా 4,000 దగ్గర ఆగిపోయే పాత డీజిలు ఇంజనుకు ఇది 71 శాతం, రోజంతా అలా తోలితే అరుస్తూనే ఉంటుంది. అదే 0.85 నిష్పత్తి ఉన్న అయిదో గేరు ఉంటే 2,429కి దిగుతుంది. అయిదు గేర్ల బాక్సు ఎందుకు సెట్టులో భాగమో ఇక్కడ తెలుస్తుంది. ఇందుకు తలకిందులు తప్పు కూడా ఉంది. నిష్పత్తి మరీ తగ్గిస్తే చదును మీద బాగానే పోతుంది, కృష్ణగిరి నుంచి హోసూరు ఎక్కేటప్పుడు రెండో గేరు దిగదు.

మీ బండి నిష్పత్తిని విప్పకుండానే కనుక్కోవచ్చు. బండి న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనుక ఒక చక్రాన్ని జాకీతో లేపండి. జాకీతోపాటు స్టాండు కూడా తప్పకుండా పెట్టండి, బండి కిందికి దూరవద్దు. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో మరొకరు పక్కనుంచి లెక్కపెట్టాలి. అదే నిష్పత్తి. ఒక చుట్టు చాలదా, రెండెందుకని అబ్బాయి అడిగాడు. రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కదా, డిఫరెన్షియల్ తన పని తాను చేస్తుంది. మిగతాది మీ మాస్టారును అడగండి.

బ్రేకుల సంగతి తల్లిదండ్రులు తప్పక చదవాలి. కొత్త ఇంజను బండికి వేగం ఇస్తుంది, ఆగే శక్తి ఇవ్వదు. కదిలే బండి శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60లో పోయే బండి 80లో పోతే వేగం పెరిగింది మూడో వంతు, బ్రేకు డ్రమ్ము మింగవలసిన వేడి పెరిగింది 78 శాతం. శూళగిరి దాటి కృష్ణగిరి వైపు దిగేటప్పుడు ముందు లారీలు, వెనుక లారీలు. ఆ దారిలో తొలిసారి తొక్కినప్పుడు పట్టిన డ్రమ్ము బ్రేకు, వేడెక్కాక మూడోసారికి అలాగే పట్టదు. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. పెట్రోలు ఇంజనులో గాలి పీల్చే దారి నుంచి వచ్చే వాక్యూమ్‌తో బ్రేకు బూస్టర్ పనిచేస్తుంది. డీజిలు ఇంజనులో ఆ వాక్యూమ్ ఉండదు, దానికి వేరే పంపు కావాలి, చాలా బండ్లలో ఆల్టర్నేటర్‌కే అమర్చి ఉంటుంది. బూస్టర్ ఉన్న పెట్రోలు కారుకు ఆ పంపు లేని డీజిలు ఇంజను వేస్తే పెడల్ రాయిలా ఉంటుంది. బ్రేకు ఖర్చు రాయని అంచనాను అంచనాగా లెక్కపెట్టకండి.

రేడియేటర్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంజనులో కాలే ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడో వంతు నీటి ద్వారా, మరో మూడో వంతు సైలెన్సర్ ద్వారా వేడిగానే పోతుంది. ఇంజను శక్తి ఒకటిన్నర రెట్లయితే పూర్తి బరువులో నీటికి చేరే వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. పాత రేడియేటర్‌తో ఊళ్ళో తిరిగితే తెలియదు, ఎక్కుడులో తెలుస్తుంది.

ఇంజెక్షన్ ఉన్న కొత్త పెట్రోలు ఇంజనయితే కథ పెద్దది. కార్బురేటర్‌కు పెట్రోలు అందించే పంపు ఒత్తిడికీ ఇంజెక్షన్ పంపు ఒత్తిడికీ సుమారు పది రెట్లు తేడా. పాత రబ్బరు పైపు ఆగదు, పగిలితే నిప్పు. పంపు, పైపులు, టాంకుకు తిరిగివచ్చే లైను, అన్నీ కొత్తవి కావాలి. ఇ.సి.యు., దాని వైరింగు, సెన్సార్లు, తాళం చెవిలోని చిప్పు కూడా అదే బండివి కావాలి. పాత ఇనుము కొట్టులో వైరింగును కత్తిరించి ఇంజను దించి ఉంటే ఆ ఇంజనును చౌకగా ఇచ్చినా తీసుకోవద్దని నా అభిప్రాయం. పాత బ్రిటిష్ బండ్లలో కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ వైపు ఎర్త్ ఉంటుంది, అదీ ముందే చూసుకోండి.

ఇక ఆర్.సి. మెకానిక్ దగ్గరికి పోకముందు పోవలసింది ఆర్.టి.ఓ. ఆఫీసుకు. ఆర్.సి.లో ఇంజను నంబరు, సి.సి., ఇంధనం రాసి ఉంటాయి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీం కోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో దీనినే గట్టిగా చెప్పింది. సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి వాటికి కన్వర్షన్ కిట్ వేసుకోవడానికి నిబంధనలతో వేరే దారి ఉంది. చెడిపోయిన ఇంజనుకు బదులు అదే తయారీ, అదే రకం ఇంజను వేసుకునేవారు ముందు అనుమతి అడగాలి, వేశాక 14 రోజుల్లో తెలియజేసి ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఇంజను కొన్న బిల్లు, పాత బండి పత్రాలు లేకపోతే ఆ నంబరు ఎక్కదు. వేరే కంపెనీ ఇంజను వేయాలనుకునేవారు డబ్బు ఇచ్చాక కాదు, ఇవ్వకముందే ఆర్.టి.ఓ.లో రాతమూలకంగా అడగండి. చాలా సందర్భాలలో జవాబు "కుదరదు" అనే వస్తుంది. బండి మీద అప్పు ఉంటే బ్యాంకుకు కూడా చెప్పాలి, హామీగా పెట్టిన వస్తువును చెప్పకుండా మార్చకూడదు.

నా కారుకు ఇంజను నంబరు మార్పు "తరువాత చూద్దాం" అన్నారు, నేనూ ఊరుకున్నాను. బ్యాంకులో ఒక అంకె తేడా వస్తే రాత్రి తొమ్మిదిదాకా కూర్చుని సరిచూసినవాడిని, నా సొంత ఆర్.సి.లో నంబరు వేరే, బండిలో నంబరు వేరేగా నాలుగేళ్ళు తిరిగాను. అమ్మబోతే కొనేవాళ్ళు బానెట్ ఎత్తి నంబరు చూసి వెళ్ళిపోయేవారు. ఆ నాలుగేళ్ళలో ప్రమాదం జరగకపోవడం నా అదృష్టం. జరిగివుంటే ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది ఆ నంబరే.

ఆ ఆదివారం తండ్రి ప్లాస్టిక్ కవరులోంచి తాతగారి ఆర్.సి. తీశాడు. మనది అప్పుడు ధర్మపురి జిల్లా, కృష్ణగిరి జిల్లా 2004లో ఏర్పడింది. మొదటి రిజిస్ట్రేషన్ 1974. ఇంజను నంబరు చూద్దామని అబ్బాయి గుడ్డతో తుడిచాడు. ఆర్.సి.లోదే. యాభై ఏళ్ళు దాటిన బండి, తొలి ఇంజనుతో. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలకు ఇలాంటి బండే అర్హం. మొదటి రిజిస్ట్రేషనయి 50 ఏళ్ళు నిండి ఉండాలి, చట్రమూ బాడీ ఇంజనూ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అలా రిజిస్టరయిన బండిని రోజువారీ పనులకూ వ్యాపారానికీ తిప్పకూడదు, అది గుర్తుంచుకోవాలి. ఇంజను మార్చిన రోజున ఆ అర్హత పోతుంది. అమ్మేవాళ్ళు ఈ సంగతి ఎందుకు చెబుతారు?

అడ్వాన్సు ఇవ్వలేదు. మూడు రోజుల గడువు దాటింది, ఆ ఇంజను మరెవరో తీసుకున్నారట. అబ్బాయి ముఖం కొంచెం వాడింది. పాత ఇంజనును తన చేత్తోనే విప్పి, బోర్ కొలిచి, ఓవర్‌సైజు పిస్టన్లు కావాలో వద్దో చూస్తానన్నాడు. దానికి బోర్ గేజ్ కావాలి, మాస్టారును అడిగి రెండో సెమిస్టర్ ప్రాజెక్టుగా పెట్టుకున్నాడు. టమోటా డబ్బులో ఒక భాగం మూడో సంవత్సరం ఫీజుకు తండ్రి డిపాజిట్ వేశాడు. ఫారం నేనే నింపి ఇచ్చాను.

విద్యార్థులకు ఇంటిపని. మీ ఇంట్లోని బండి ఏదైనా సరే, ట్రాక్టరు, జీపు, వ్యాను, దాని చక్రం చుట్టుకొలత సుద్ద గుర్తుతో కొలవండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో రాయండి. 50 నుంచి 70కి పెరిగితే బ్రేకులు మింగవలసిన వేడి ఎంత శాతం పెరుగుతుందో కట్టండి. ఆర్.సి. తీసి ఇంజను నంబరును బండి మీది నంబరుతో పెద్దల ముందే సరిచూడండి. చేసినవాళ్ళు తరువాతి ట్రస్టు సమావేశానికి నోటుపుస్తకం తీసుకురండి. రెండో ప్రశ్నకు జవాబు 96 శాతం రావాలి.